అనంతగిరి దగ్గర అడవి విద్యల క్యాంప్ ఎలా ప్లాన్ చేయాలి?

నవంబర్‌లో ఒక వీకెండ్ 20 మందిమి వికారాబాద్ వైపు కలుద్దామనుకుంటున్నాం. ఎవరికి వచ్చింది వాళ్లు మిగతావాళ్లకు నేర్పాలి: చెకుముకి రాయితో నిప్పు రాజేయడం, టార్పాలిన్‌తో గుడారం, తాడు ముడులు, మోదుగాకు విస్తరి, బొంగులో చికెన్. రిజర్వ్ ఫారెస్టులో మంట పెట్టడం నేరం కదా, అందుకే అనంతగిరి పక్కనే తెలిసినవాళ్ల మామిడితోట అడిగాం. బోరు నీళ్లున్నాయి.

నా టెన్షన్ అంతా కత్తులు, గొడ్డళ్ల గురించే. పిల్లలు కూడా వస్తున్నారు (వద్దంటే వినే రకం కాదు). చుట్టూ తాడు కట్టి, పదును పనులన్నీ ఆ లోపలే చేయిస్తే సరిపోతుందా? నేర్పేవాళ్లు ఒక్కొక్కరి దగ్గర ఎంతమందిని కూర్చోబెట్టొచ్చు?

ఇంకోటి, విస్తరి కుట్టేటప్పుడు ఈనెపుల్ల గుచ్చగానే ఆకు చీలిపోతోంది. కాస్త వాడనిచ్చి కుట్టాలా? అడవి జోలికి పోకుండా పచ్చి వెదురు బొంగులు ఎక్కడ కొనొచ్చు? ఇలాంటివి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.