సమస్య: మరచితినని చెప్పి మరల తలచె

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీరు పద్యంగా పూరించాల్సిన పాదం, ఆటవెలది నాలుగో పాదం:

*మరచితినని చెప్పి మరల తలచె*

వస్తువు కూడా నేనే ఇస్తున్నాను. పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఒకరినొకరు ఇష్టపడి, తర్వాత విడిపోయి, ఎవరి సంసారంలో వాళ్లు పడ్డ ఇద్దరు. "తలచె" అనే క్రియ అతనికీ సరిపోతుంది, ఆమెకూ సరిపోతుంది. ఎవరి వైపు నుంచైనా రాయండి. ఒక్కటే కోరిక, ఇద్దరిలో ఎవరినీ దోషిని చేయకండి. పదిహేడేళ్ల పిల్లల చేతిలో ఏముంటుంది?

కొత్తవాళ్లకు: గణమంటే లఘువులు (పొట్టిగా పలికే అక్షరాలు), గురువులు (పొడుగ్గా పలికేవి) కలిసిన చిన్న గుంపు. సూర్యగణమంటే మూడు లఘువులు, లేదా ఒక గురువు, ఒక లఘువు. ఇంద్రగణాలు అంతకంటే పెద్దవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు.

డాలస్ తమ్ముడు:

*ఫోనులోన పేరు పూర్తిగా తొలగించి*
*పదియు నంకె లెదను పదిలపరచి*
*వేళకాని వేళ వేళ్లు నొక్కుచునుండ*
*మరచితినని చెప్పి మరల తలచె*

కాకినాడ మాస్టారు:
మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను తమ్ముడూ. "వేళకాని వేళ వేళ్లు" అనడంలో మాట దానంతట అదే వచ్చి కూర్చుంది. ఫో–పూ యతి కూడా సరైనదే, ఓకారానికి ఊకారం చెల్లుతుంది. కానీ ఒక లోటుంది. "మరచితిని" అని అతను ఎవరితో చెప్పాడు? గదిలో ఒక్కడే ఉన్నాడు. నిజంగా మరిచిపోయినవాడికి ఆ మాట చెప్పాలనే తోచదు. ఎవరో అడిగితేనే చెబుతాడు. ఆ అడిగిన మనిషి పద్యంలో కనిపించాలి. ఈ సమస్యకు తాళంచెవి "చెప్పి" దగ్గరుందని నాకనిపిస్తోంది.

డాలస్ తమ్ముడు:
నిజమే మాస్టారూ. "తనకు తానే చెప్పుకున్నాడు" అనుకుని రాశాను గానీ పద్యంలో ఆ మాట లేదు.

వరంగల్ అక్క:
మాస్టారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది.

*తల్లి యడిగినంత తలవంచి నవ్వుచు*
*చీర మడతలోన చేతివ్రాత*
*కాగితమ్ము నెమలికన్నుతో దాచుచు*
*మరచితినని చెప్పి మరల తలచె*

నిర్వాహకుడు:
అక్కా, చేతులు జోడిస్తున్నాను. నోరు ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చేస్తున్నాయి, అదంతా పద్యంలో కళ్లకు కడుతోంది. నెమలికన్ను పిల్లలు పెడుతుందని పుస్తకంలో దాచుకున్న ఆ వయసు మొత్తం ఆ ఒక్క మాటలో వచ్చేసింది.

డాలస్ తమ్ముడు:
చిన్న సందేహం అక్కా. చీర మడత అన్నారంటే ఆమెకు పెళ్లయిందనేనా?

వరంగల్ అక్క:
అయింది తమ్ముడూ. పిల్లలు కూడా ఉన్నారు. పుట్టింటికి వచ్చిన బిడ్డను తల్లి మెల్లగా అడుగుతది, ఎందుకంటే అప్పట్లో ఇంట్లో తెలిసింది తల్లికొక్కదానికే. భర్త మీద ఆమెకు ప్రేమ తక్కువని కాదు. ఆ కాగితం ఆ పిల్లవాడి కోసం దాచుకున్నది కూడా కాదేమో, పదహారేళ్ల తన కోసమే కావచ్చు. యాది అంటే అట్లనే ఉంటది.

కాకినాడ మాస్టారు:
ఇంత మంచి పద్యం తర్వాత నాది పెట్టడానికి జంకుగా ఉంది. అయినా పెడుతున్నాను.

*మధురకేగి శౌరి మన్ననల్ గొనుచుండి*
*యుద్ధవుండు పల్లె యూసు లడుగ*
*రాధ పేరు వినిన రాలు కన్నీటితో*
*మరచితినని చెప్పి మరల తలచె*

వరంగల్ అక్క:
మాస్టారూ, ఊహ చాలా బాగుంది. భాగవతం లెక్కలో కృష్ణుడు వ్రేపల్లెలో ఉన్నది పదకొండేళ్లే. ఆ తర్వాత మధుర, రాజకార్యాలు. చిన్ననాటి చెలిమి వదిలి వెళ్లడమంటే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఎక్కడుంది? భాగవతంలో రాధ పేరు కనబడదు, గోపికలే ఉంటారు. కానీ జనం గుండెలో ఉన్నది రాధే కాబట్టి దానికి అడ్డు చెప్పను. నా బాధంతా రెండో పాదంతో. సంధి కలిపేసరికి కృష్ణుడి స్నేహితుడు ఉద్ధవుడి పేరు "యుద్ధ" అని చెవిన పడి ఆ మెత్తదనం పోతోంది. "సఖుడు వచ్చి పల్లె సంగతడుగ" అంటే ఎలా ఉంటుంది?

కాకినాడ మాస్టారు:
మార్చేశాను తల్లీ. "సఖుడు" అనగానే అడిగేవాడు దగ్గరివాడైపోయాడు.

కొవ్వూరు కొత్త సభ్యుడు:
నమస్కారం. ఛందస్సు నేర్చుకుని మూడు నెలలైంది. తప్పులుంటే మన్నించి చెప్పండి.

*బస్సు కిటికీ పక్క బరువైన గుండెతో*
*పాత కలలు తలచి పలుకలేక*
*ఏరు దాటువేళ ఉత్తరం చించేసి*
*మరచితినని చెప్పి మరల తలచె*

కాకినాడ మాస్టారు:
నాయనా, మూడు నెలలకే ఈ ధార ఉందంటే సంతోషం. ఒక్కొక్కటీ చూద్దాం. "కిటికీ"లో చివర దీర్ఘం వల్ల గణం తప్పింది. "కిటికి" అంటే మూడు లఘువులు, సరిపోతుంది. రెండో పాదంలో "పలుకలేక" అన్నావు, నాలుగో పాదంలో "చెప్పి" ఉంది, రెండూ పొసగవు. పైగా ముందే "తలచి" అనేస్తే "మరల తలచె"కు బలం మిగలదు. మూడో పాదంలో ఏ–ఉ యతి చెల్లదు. "ఊరు దాటువేళ" అంటే కుదురుతుంది. గుండె బరువు అందరూ రాస్తారు, నీ చేతిలో నిజంగా ఏముందో అది రాయి.

కొవ్వూరు కొత్త సభ్యుడు:
మాస్టారూ, మీరన్నవన్నీ ఒప్పుకుంటాను, "ఊరు" ఒక్కటి తప్ప. నేను దాటింది ఏరే. 2003 గోదావరి పుష్కరాలప్పుడు మేమిద్దరం ఇంటర్‌లో ఉన్నాం. ఆ ఏడాదే దూరమయ్యాం. అప్పుడు రాసి పోస్టు చేయని ఇన్లాండు లెటరు నా దగ్గరే ఉండిపోయింది. మళ్లీ 2015 పుష్కరాలకు రాజమండ్రిలో దూరం నుంచి తనను చూశాను. పక్కన పిల్లలున్నారు. పలకరించలేదు. తర్వాత కొన్నాళ్లకు కొవ్వూరు వచ్చే బస్సులో, రోడ్ కం రైల్ బ్రిడ్జి మీద, ఆ లెటరు చించి కిటికీలోంచి వదిలాను. పక్క సీటాయన "ఏంటి బాబూ అది?" అన్నాడు. "పాత ఉత్తరం లెండి, ఎప్పుడో మరిచిపోయాను" అన్నాను.

కాకినాడ మాస్టారు:
మరి పక్క సీటాయనను పద్యంలోంచి ఎందుకు దింపేశావు నాయనా? ఆయనే కదా "చెప్పి"కి సాక్షి. ఏరు వదలకు. ఏకారానికి ఇకారం యతి చెల్లుతుంది. "ఇన్లాండు" అంటే గణం కూడా సరిపోతుంది. విసంధిని, అంటే రెండు మాటల మధ్య సంధి కలపకపోవడాన్ని, ఈసారికి వదిలేద్దాం.

కొవ్వూరు కొత్త సభ్యుడు:
గంట పట్టింది మాస్టారూ. సంచి సంగతి కూడా నిజమే, అందులో గోదావరి నీళ్ల సీసా ఉంది.

*బస్సు కిటికి చెంత బరువైన సంచితో*
*పక్కవాని తోడ పలుకు కలిపి*
*ఏరు దాటువేళ ఇన్లాండు చించేసి*
*మరచితినని చెప్పి మరల తలచె*

వరంగల్ అక్క:
తమ్ముడూ, ఇప్పుడు ఇది నీ పద్యం.