పదకొండు రికార్డింగుల్లో నాలుగే కథలా? సాయం చేయండి

గుమాస్తాగారమ్మాయి: పొద్దున ఆరు నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను. మధ్యాహ్నం రెండయింది, ఒక్క పేజీ కదలలేదు. నా పరిశోధన సంస్థల్లో చెప్పుకునే కథల మీద. రికార్డింగులన్నీ కాగితం మీద పెట్టాను. ఏది కథో ఏది మామూలు మాటో గుర్తు పెడుతూ పోతే పదకొండింటికీ కలిపి నాలుగు తేలాయి. గైడుగారు "ఇంతేనా?" అన్నారు. ఒక సంస్థలో ఇలాంటి కథలనే వెతికిన పరిశోధకుడు డేవిడ్ బోజే వ్యాసం మూడుసార్లు చదివాను. ఆయనకు దొరికినన్ని నాకెందుకు దొరకవు?

ఒంటిమాట: కథకు మీ నిర్వచనం?

గుమాస్తాగారమ్మాయి: కథ అంటే కథే కదండీ.

పాత పంతులు: అక్కడే వచ్చింది చిక్కు, అమ్మా. స్టోరీకీ నేరేటివ్‌కీ కలిపి "కథ" అని రాసేస్తున్నారు. "కథనం" ఉండేది, దాన్ని పత్రికలవాళ్లు వార్తలకు తగిలించి అరగదీశారు. నన్నడిగితే స్టోరీని "వృత్తాంతం" అనాలి.

గవర్నర్‌పేట మెకానిక్: వృత్తాంతం అంటే పోలీసు కాగితంలా ఉంది మాస్టారూ. "ముచ్చట" బాగుంటుంది.

పాత పంతులు: ముచ్చట అంటే మన వైపు సరదా, వేడుక. పరిశోధన గ్రంథానికి ఆ పేరా?

ఏలూరు రోడ్డు పాఠకుడు: పేరు తర్వాత చూసుకోవచ్చు. బోజే 1991 నాటి వ్యాసంలో చూసింది ఆఫీసు సామాన్లు అమ్మే సంస్థను. అక్కడ ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చెప్పరు. తెలిసినవాళ్ల మధ్య సగం మాట చాలు, మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు. ఆ ముక్కలు కూడా ఆయనకు కథలే. ఇంకో పరిశోధకుడు యానిస్ గేబ్రియెల్ తన 2000 నాటి పుస్తకంలో అందుకు ఒప్పుకోడు. పాత్రలుండాలి, మలుపుండాలి, చెప్పేవాడిలోనూ వినేవాడిలోనూ ఏదో కదలాలి. మీరు బోజేను చదివి గేబ్రియెల్ జల్లెడతో జల్లిస్తున్నారు.

గవర్నర్‌పేట మెకానిక్: ప్రొఫెసర్ల గొడవ మనకెందుకు? జూలియన్ ఓర్ చదవండి, 1996. జిరాక్స్ కంపెనీ మరమ్మతు మనుషుల వెంట తిరిగి రాశాడు. యంత్రం ఎప్పుడూ కంపెనీ పుస్తకంలో రాసినట్టు పాడవదు. భోజనాల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే పాత అవస్థలతోనే వాళ్లు పని నేర్చుకుంటారు. నేను పద్దెనిమిదేళ్లు ఆ యంత్రాలే బాగుచేశాను. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి లోపల నలుగుతుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా సీనియర్ టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఇంకోసారి...

ఒంటిమాట: ఎవరిని, ఎలా అడిగారు?

గుమాస్తాగారమ్మాయి: చెప్పలేదు కదూ! గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణాల గుమాస్తాలను. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి "మీ దుకాణం గురించి ఒక కథ చెప్పండి" అన్నాను. చాలామంది నీళ్లు నమిలారు. చెప్పిన నలుగురూ యజమాని ఎంత మంచివారో చెప్పారు. అది ముఖ్యమా?

ఒంటిమాట: అదే ముఖ్యం. బోజే అడగలేదు. వాళ్ల మధ్య ఉండి, నడిచే మాటలను రికార్డు చేశాడు.

ఏలూరు రోడ్డు పాఠకుడు: ఆ నాలుగింటిని పారేయకండి. జోన్ మార్టిన్, సహచరులు 1983లోనే రాశారు: ప్రతి సంస్థా తనకే సొంతమనుకునే కథలు అన్నిచోట్లా తిరిగే ఏడు రకాలేనని. పెద్దాయన కూడా మనలాంటి మనిషేనా అన్నది అందులో ఒకటి. రికార్డింగుల్లో ఇద్దరు తమలో తాము మాట్లాడుకున్న చోటు ఏదైనా ఉందా?

గుమాస్తాగారమ్మాయి: ఒకటుంది. టీ ఇవ్వడానికి ఇంకో గుమాస్తా వచ్చాడు. ఈయన "ఆ తాలు టిక్కీల సంగతిలా కాకూడదు" అన్నాడు (నాసిరకం మిర్చి బస్తాలన్నమాట), ఇద్దరూ నవ్వారు. మామూలు మాటే కదా అని కొట్టేశాను.

ఏలూరు రోడ్డు పాఠకుడు: ఆ సంగతి ఏమిటో అడిగారా?

గుమాస్తాగారమ్మాయి: లేదండీ. నా ప్రశ్నల కాగితంలో లేదు.

ఏలూరు రోడ్డు పాఠకుడు: అయ్యో.

పాత పంతులు: "సంగతి"! చూశారా, మనకు కావలసిన పదం వాళ్లే ఇచ్చారు. వృత్తాంతం వెనక్కి తీసుకుంటున్నాను.

గవర్నర్‌పేట మెకానిక్: ముచ్చటకు ఏమైంది?

గుమాస్తాగారమ్మాయి: కొట్టేసినవి మళ్లీ వింటున్నాను. సోమవారం యార్డుకు వెళ్తాను, ప్రశ్నల కాగితం లేకుండా. థాంక్సండీ.