డీఏపీకి బదులు రాక్ ఫాస్ఫేట్ పొడి శనగకు పనికొస్తుందా?

అడిగింది (నంద్యాల వైపు రైతు): అన్నలారా, శనగ విత్తే టైమొచ్చింది, డీఏపీ ఎరువు దొరకట్లేదు. ఒకాయన రాక్ ఫాస్ఫేట్ పొడి (భాస్వరం ఉన్న రాయిని పిండి చేసింది) చౌకగా ఇస్తానంటున్నాడు. బస్తా మీద భాస్వరం 18 శాతం అని ఉంది, సూపర్ ఫాస్ఫేట్, అదే మనం సూపర్ అనే ఎరువులో 16 శాతమే కదా, అంటే ఇదే మేలు కాదా? నల్లరేగడి, భూసార పరీక్షలో పీహెచ్ 8.2 వచ్చింది.

జవాబు (ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాణ్ణి): వద్దు తమ్ముడూ. ఆ 18 మొత్తం భాస్వరం లెక్క, మొక్కకు అందేది కాదు. రాయిలో భాస్వరం కాల్షియంతో గట్టిగా పట్టుకుని ఉంటుంది, నీటికి కరగదు. ఆ పట్టు విడిపించడానికే ఫ్యాక్టరీ ఉన్నది. రాయిని మెత్తగా పిండి చేసి గంధకామ్లం (సల్ఫ్యూరిక్ యాసిడ్) కలిపితే గంటలోపే గట్టిపడుతుంది, దాన్ని తవ్వి గుట్ట పోసి రెండు మూడు వారాలు మాగబెడతారు, అదే నువ్వు కొనే సూపర్. అందులో 16 శాతం భాస్వరం మొక్క తీసుకోగలిగే రూపంలో ఉంటుంది, పైగా 11 శాతం గంధకం. డీఏపీకైతే యాసిడ్ ఎక్కువ పోసి ఫాస్ఫారిక్ యాసిడ్ తీసి, జిప్సం వడకట్టేసి, అమ్మోనియా పట్టిస్తారు. టన్ను భాస్వరానికి దాదాపు 5 టన్నుల జిప్సం మిగులుతుంది, విశాఖలో, పారాదీప్‌లో గుట్టలు చూస్తే తెలుస్తుంది.

నీ చేనులో ఆ యాసిడ్ పని చేసేవాళ్లెవరూ లేరు. కేరళ రబ్బరు తోటల్లో నేల పుల్లన కాబట్టి అక్కడ పొడి చల్లినా మెల్లగా కరుగుతుంది. నీది క్షార నేల, పీహెచ్ 8.2లో ఏళ్లు గడిచినా పెద్దగా కరగదు.

ఇంకొకరు: పీఎస్‌బీ కల్చర్ (భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) కలిపితే? శనగ వేరు కూడా ఆమ్లం వదులుతుందంటారు కదా.

జవాబు: వదులుతుంది, నిజమే. కానీ మీ నేలలో సున్నం ఎక్కువ, వచ్చిన కాస్త ఆమ్లాన్నీ ముందు అదే తాగేస్తుంది. పీఎస్‌బీ వేసుకోండి, నష్టం లేదు, కాకపోతే దాన్ని నమ్ముకుని సూపర్ మానకండి.

ఇంకొకరు: మా ఊర్లో ఒకాయన బ్యాటరీ యాసిడ్ తెచ్చి ఈ పొడిలో కలిపి సూపర్ చేసేద్దాం అంటున్నాడు.

జవాబు: ఆపండి ఆయన్ని. రాయిలో ఫ్లోరిన్ ఉంటుంది, యాసిడ్ తగలగానే ఆ వాయువు బయటికొస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఫ్యాక్టరీలో ఆ గ్యాసును పీల్చి నీళ్లతో కడగడానికే విడిగా ఒక యూనిట్ ఉంటుంది. ఇంటి వెనక డ్రమ్ములో చేసే పని కాదు.

అడిగింది: మరి ఎకరానికి ఎంత వేయాలన్నా?

జవాబు: శనగకు ఎకరాకు భాస్వరం 20 కిలోలు, నత్రజని 8 కిలోలు చాలు. అంటే సూపర్ 125 కిలోలు, రెండున్నర బస్తాలు. యూరియా 18 కిలోలు. దీంతోపాటు గంధకం 13 కిలోలకు పైగా ఉచితంగా పడుతుంది, డీఏపీలో అది రాదు. గుళికల సూపరైతే గొర్రుతో విత్తనం పక్కనే పడేలా వేయి, చల్లితే నల్లరేగడి భాస్వరాన్ని త్వరగా బిగించేస్తుంది. పొడి సూపరే దొరికితే ఆఖరి దుక్కిలో వేయి. ఒక్క జాగ్రత్త, యూరియా, సూపర్ ముందురోజు రాత్రే కలిపి ఉంచొద్దు, తెల్లారేసరికి చెమ్మ వచ్చి ముద్దవుతుంది, గొర్రు గొట్టాలు మూసుకుపోతాయి. చేను దగ్గరే అప్పటికప్పుడు కలుపుకో. కొనేటప్పుడు బస్తా మీద ‘నీటిలో కరిగే భాస్వరం’ అన్న లైను ఉందో లేదో చూడు, ‘మొత్తం భాస్వరం’ ఒక్కటే రాసి ఉంటే అది రాతి పొడే.