నాట్య ముద్రల నాణేలు: ఏవేవి దాచాలి?

ప్రశ్న:
నాది నరసాపురం, గోదావరి దాటించే పంటు రేవు దగ్గర టీ కొట్టు. సఖినేటిపల్లి వెళ్ళొచ్చేవాళ్ళు ఇచ్చే చిల్లరలో ముద్రల నాణేలు కనిపిస్తే పక్కన పెడుతున్నాను. రూపాయి మీద బొటనవేలు పైకెత్తిన చెయ్యి, రెండు రూపాయల మీద రెండు వేళ్ళు. పిడికిలి ఉన్న అర్ధరూపాయి మాత్రం దొరకట్లేదు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది, పూర్తి సెట్టు తనకివ్వాలని నా కోరిక. ఏడాదికొకటి చాలా? కొన్ని నల్లబడ్డాయి, చింతపండుతో తోమొచ్చా?

జవాబు 1:
తోమకండి! సన్నటి గీతలు పడతాయి, వెలుతురులో వంచి చూస్తే తెలిసిపోతాయి. నీళ్ళలో ముంచి, మెత్తని గుడ్డతో అద్దండి చాలు. మన గోదావరి గాలికి తేమ ఎక్కువ, బాగా ఆరాకే కవర్లో పెట్టండి.

ఏడాదికొకటి చాలదండి, ఒకే ఏడాది నాణేలు వేర్వేరు టంకశాలల్లో తయారవుతాయి. ఏ ఊరి టంకశాలదో తెలియాలంటే సంవత్సరం అంకెల కింద చూడండి: నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నాకైతే నక్షత్రం ఉన్నవంటే ప్రాణం, మన దగ్గర తయారైనవి కదా.

జవాబు 2:
అర్ధరూపాయి ఇప్పటికీ చెల్లుతుంది. 2011లో రద్దయినవి పావలా, అంతకన్నా చిన్నవే. కొట్లలో తీసుకోరు కాబట్టి ఇళ్ళలో ఉండిపోయాయి. మా మామ్మగారి దేవుడి గూట్లో నాకు పిడికిలి నాణెం దొరికింది. మీ వీధిలో పెద్దవాళ్ళని అడగండి. లక్షలిస్తామని ఫోన్లు వస్తే మాత్రం నమ్మకండి, ముందు ఫీజు కట్టమంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే డబ్బా బోర్లించానండి. 2009 రెండు రూపాయల మీద నక్షత్రం ఉంది!