‘శ్రీకృష్ణ జన్మస్థానం’ అంటే జైలేనా?

నిన్న ఆఫీసులో ఒక పెద్దాయన, “మా బావమరిది నాలుగు నెలలు శ్రీకృష్ణ జన్మస్థానంలో ఉండొచ్చాడు” అన్నారు. మథుర యాత్ర అనుకుని “దర్శనం బాగా జరిగిందా అండీ?” అని అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఈ వాడుక నిజంగానే ఉందా?

— ఉంది తమ్ముడూ, జైలే. దేవకీ వసుదేవులను కంసుడు చెరలో పెట్టాడు, కృష్ణుడు అక్కడే పుట్టాడు. భాగవతం దశమ స్కంధం కథ అది. వెటకారంగా అనేవాళ్ళూ ఉన్నారు కానీ, నాకు ఇందులో మర్యాదే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు తమ మనిషి గురించి తలదించుకోకుండా చెప్పుకోగల మాట ఇది. ‘బొక్కలో వేశారు’, ‘చిప్పకూడు తింటున్నాడు’ అని ఎవరైనా తమవాళ్ళ గురించి అనగలరా? ‘ఊచలు లెక్కపెడుతున్నాడు’లో కసి ఉంది. ‘కటకటాల పాలు’ పేపర్ల మాట.

— మా దిక్కు ‘లోపలేసిండ్రు’ అంటే చాలు అన్నా. లేకుంటే ‘చంచల్‌గూడకు పోయిండు’ అంటరు.

— నేను పుట్టి పెరిగింది చంచల్‌గూడలోనే. కాలేజీలో ఊరు చెప్పగానే “ఎప్పుడు విడుదలయ్యావ్?” అనేవారు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధే. అక్కడ ఇళ్ళున్నాయి, బడులున్నాయి, ప్రభుత్వ ముద్రణాలయం ఉంది. మా నాన్న చిన్నప్పుడు ‘ముషీరాబాద్ పంపిస్తా’ అని బెదిరించేవారట. ఆ జైలు పోయి, 2003లో అక్కడికి గాంధీ ఆసుపత్రి వచ్చింది. ఇప్పుడు ముషీరాబాద్ అంటే ఎవరికీ భయం లేదు.

— అయితే శ్రీకృష్ణ జన్మస్థానం శిక్ష పడినవాళ్ళకేనా అన్నా? ఆయన బావమరిది కేసు ఇంకా నడుస్తోందట.

— అందరికీ వాడతారు, చిక్కంతా అక్కడే. ఈ జాతీయాలు ఏవీ విచారణ ఖైదీకీ శిక్షా ఖైదీకీ తేడా చూపవు. రిమాండ్‌లో ఉన్నాయన మీద నేరం ఇంకా రుజువు కాలేదు. అందుకే రాసేటప్పుడు ‘రిమాండ్‌లో ఉన్నారు’ అని విడిగా రాయండి, ‘జైలుశిక్ష అనుభవిస్తున్నారు’ అనకండి. ‘చెర’ మళ్ళీ వేరు. దానికి కోర్టుతో పనిలేదు, బలవంతాన బంధిస్తే చాలు. సీతమ్మ లంకలో చెరలో ఉందంటాం, జైల్లో ఉందనం. గోల్కొండలో కంచెర్ల గోపన్నను ఉంచిన చోటును మాత్రం ‘రామదాసు బందీఖానా’ అంటారు.

— అర్థమైంది అన్నా. రేపు పొద్దున్నే ఆయన సీటు దగ్గరికి వెళ్ళి, తెలియక అన్నానని చెప్తాను.