సాన పట్టడమా, నూరడమా?

ప్రశ్న: పాత రాళ్ళ మీద మంగలికత్తికి పదును పెట్టడం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. గ్రైండింగ్, హోనింగ్, స్ట్రాపింగ్ మూడింటికీ 'సాన పట్టడం' అనే రాసుకుంటూ పోయాను. చదివేవాళ్ళకి తికమకగా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. ఆ మూడు పనులూ ఒకటి కావు. వాటికి తెలుగులో వేరువేరు మాటలు ఉండనే ఉన్నాయి.

'సాన' సంస్కృత 'శాణ' నుంచి వచ్చింది. రాయికీ ఆ పేరుంది, తిరిగే చక్రానికీ ఉంది. అయితే సాన పట్టడం అంటే నాకు మాత్రం ముందుగా చక్రమే తోస్తుంది. నిప్పురవ్వలు లేచేలా ఇనుము తీసేసి, కత్తికి ఆకారం తెచ్చే పని అది. గ్రైండింగ్‌కి ఆ మాట ఉంచండి.

హోనింగ్‌కి 'నూరడం' వాడండి. ఇక్కడ కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెడతారు. వీపు (అంచుకి ఎదురుగా మందంగా ఉండే వైపు), అంచు రెండూ రాయికి తగులుతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. అంచు ముందుకు ఉండేలా, దాదాపు బరువు వేయకుండా తోస్తారు. అందుకే పాత రాయి మధ్యలో అరిగి గుంట పడి ఉంటే ముందు దాన్ని చదును చేయాలి, లేకపోతే అంచు అంతా ఒకేలా తగలదు.

నూరడం అనే మాట ఇక్కడ ఎంత సరిగ్గా అమరుతుందో చూడండి. మందు నూరితే మందు పొడి అవుతుంది, కత్తి నూరితే కత్తికి వాడి వస్తుంది. బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతపు పసుపుపచ్చని కోటికుల్ రాయి మీద ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. నీళ్ళు చిలకరించి, అదే జాతి చిన్న రాతిముక్కతో రుద్దితే పాలలాంటి ద్రవం లేస్తుంది. అందులో ఉన్న గార్నెట్ అనే గట్టి ఖనిజపు సన్నని రేణువులే ఉక్కును కోస్తాయి. గార్నెట్ స్ఫటికానికి తరచుగా 12 ముఖాలు ఉంటాయి, మొనలు మరీ వాడిగా ఉండవు. అందుకే గీతలు లోతుగా పడవు, గడ్డానికి అంచు మెత్తగా తగులుతుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా నీళ్ళు కలిపి పలచన చేస్తూ, చివరికి వట్టి నీళ్ళతో ముగిస్తారు. రాయీ నూరుకుంటుంది, కత్తీ నూరుకుంటుంది!

ఇంకొకరు: 'కత్తులు నూరడం' అంటే పగ పెంచుకోవడం కదండీ. క్షౌరం గురించిన వ్యాసంలో అది వినడానికి బాగుంటుందా?

జవాబు: బాగానే ఉంటుందండీ. 'ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటున్నారు' అన్నప్పుడే ఆ అర్థం వస్తుంది. 'రాయి మీద కత్తి నూరాడు' అంటే ఎవరూ అపార్థం చేసుకోరు. నానుడి ఉంది కదా అని అసలు మాటను వదులుకుంటే మనకే నష్టం.

ప్రశ్న వేసినవారు: మరి స్ట్రాపింగ్? ఆ పాలలాంటి ద్రవానికి ఏమనాలి? ఇంగ్లీషులో స్లర్రీ అంటున్నారు.

జవాబు: స్ట్రాపింగ్‌ని నూరడం అనకండి. అక్కడ కత్తిని తోలుపట్టీ మీద లాగుతారు, వీపు ముందు, అంచు వెనక. తోలు ఇనుమును తీసేది చాలా తక్కువ, అంచును సరిచేస్తుంది అంతే. 'తోలుపట్టీ మీద రుద్దడం' అంటే చాలు. స్లర్రీకి నేనైతే 'రాతిగంధం' అంటాను. సాన మీద చెక్క అరగదీస్తే వచ్చేదాన్ని గంధం అంటున్నాం కదా, రాయి అరగదీస్తే వచ్చేది రాతిగంధం. మొదటిసారి వాడినచోట ఒక వాక్యంలో వివరించండి, తర్వాత ఇబ్బంది ఉండదు.

రాళ్ళ పేర్లు మాత్రం తెలుగు చేయొద్దు. అమెరికాలోని ఆర్కన్సా రాయినే తీసుకోండి, అది నోవాక్యులైట్ అనే శిల. లాటిన్‌లో 'నోవాక్యుల' అంటే మంగలికత్తి. కత్తి పేరే రాయికి పెట్టారు. దాన్ని తెలుగులోకి మారిస్తే ఆ చుట్టరికం పోతుంది.