నంబర్ 2 గ్రిప్పర్ చివరి 5 మి.మీ. మూసుకోవట్లేదు: నంబర్ 1 హ్యాండిళ్లు అరగదీయాలా, క్లిప్ వేయాలా?

పిడికిలి_గోదారి (ప్రశ్న):
అన్నలూ, ఐరన్‌మైండ్ వాళ్ల కెప్టెన్స్ ఆఫ్ క్రష్ గ్రిప్పర్లు (పిడికిలి బలానికి నొక్కే స్ప్రింగ్ పరికరాలు) నా దగ్గర రెండున్నాయి. నంబర్ 1 (140 పౌండ్లు) వరసపెట్టి నొక్కేస్తున్నా. నంబర్ 2 (195 పౌండ్లు) మాత్రం హ్యాండిళ్ల మధ్య 5 మి.మీ. సందు మిగిలి అక్కడే ఆగిపోతోంది. మధ్యలో ఉండే 1.5 కొందామంటే షిప్పింగ్‌తో కలిపి తడిసి మోపెడవుతోంది. అందుకే ఉన్నవాటినే మార్చుకుందామని.

హ్యాండిల్ లోపలివైపు అరగదీస్తే ఇంకా లోతుగా నొక్కొచ్చంటారు కదా, ఎక్కడ, ఎంత తీయాలి? హోస్ క్లిప్ (గొట్టాలకి బిగించే స్క్రూ పట్టీ) వేసి సగం మూసి ఉంచితే ఏ సైజు క్లిప్ కావాలి? మా వీధి చివర లేత్ షాపాయన నంబర్ 1కి మందమైన స్ప్రింగ్ వేసిస్తానంటున్నాడు, వేయించనా? 60 కేజీల డయల్ ఉన్న ప్లాస్టిక్ గ్రిప్పర్ కూడా ఒకటి పడి ఉంది, దాన్ని ఏమైనా చేయొచ్చా?

బెంచ్‌వైస్:
అరగదీయడం గురించి చెప్తాను. ఉద్దేశం ఏంటంటే, మామూలుగా హ్యాండిళ్లు తగిలే చోటు దాటి ఇంకా లోపలికి వేళ్లు ముడవాలి. వేళ్లు పూర్తిగా ముడుచుకునే కొద్దీ ముంజేతి కండరం పొట్టిదైపోయి బలం పడిపోతుంది, స్ప్రింగ్ బరువేమో సరిగ్గా అక్కడే ఎక్కువ. మీ 5 మి.మీ. అక్కడే ఇరుక్కుంది. నంబర్ 4ని అధికారికంగా మొదట మూసిన జో కిన్నీ (1998) వల్లే ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

అరగదీయాల్సింది నంబర్ 1ని. నంబర్ 2 జోలికి వెళ్లకండి, మీ గురి అదే కాబట్టి దాని కొలత మారకూడదు. హ్యాండిళ్లు పైన దూరంగా ఉండి కింది కొసల దగ్గరే ముందు తగులుతాయి. కాబట్టి కొస దగ్గర ఒక్కో హ్యాండిల్‌కి 3 మి.మీ. తీసి, పైకి పోయే కొద్దీ తగ్గించుకుంటూ సగం ఎత్తు వచ్చేసరికి సున్నా చేయండి. పై సగం ముట్టుకోవద్దు. స్ప్రింగ్ కాళ్లు దిగిన రంధ్రం ఆ భాగంలోనే ఉంటుంది, అక్కడ గోడ పల్చబడితే కాలు ఊగడం మొదలవుతుంది.

పని ఇలా చేయండి: మూసినప్పుడు రెండు కొసలు ఎక్కడ తగులుతున్నాయో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఒక హ్యాండిల్‌ని చెక్కముక్కల మధ్య వైస్‌లో బిగించి, 10 అంగుళాల చదును ఆకురాయితో ఒకే దిశలో తోయండి. అల్యూమినియం మెత్తన, ఆకురాయి పళ్లలో ఇరుక్కుపోతుంది. ఆ ఇరుక్కున్న ముక్కలే తిరిగి లోతైన గీతలు పెడతాయి. ముందే ఆకురాయికి సుద్దముక్క బాగా రుద్దండి, మధ్యమధ్యలో వైరు బ్రష్‌తో దులపండి. ప్రతి అర మిల్లీమీటరుకీ కాలిపర్‌తో కొలిచి రెండో హ్యాండిల్‌కి మారండి, ఒకవైపే తీస్తే గ్రిప్పర్ వంకరగా మూసుకుంటుంది. చివర్లో 120 నంబర్, ఆ తర్వాత 240 ఎమరీ పేపర్. అంచుల దగ్గర పదునుగా లేచిన లోహపు కొసలు తప్పకుండా తీసేయండి. చిటికెన వేలు తెగేది దానివల్లే.

గ్రైండర్ మాత్రం పెట్టొద్దు. మామూలు గ్రైండింగ్ రాయిలో అల్యూమినియం నిండిపోతే రాయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. ఆకురాయితో ఒక సాయంత్రం పని, అంతే.

ఒక్కటి గుర్తుంచుకోండి, అరగదీసిన గ్రిప్పర్ సాధనకే. పెద్ద నంబర్లు మూసినవాళ్లకి ఐరన్‌మైండ్ ఇచ్చే సర్టిఫికేషన్‌కి గానీ ఎవరికైనా లెక్క చూపించడానికి గానీ పనికిరాదు.

స్ప్రింగ్_లెక్క:
లేత్ షాపు ఆలోచన మానేయండి. ఇలాంటి స్ప్రింగ్ బిగువు వైరు మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు అలాగే ఉంచి వైరు 8 శాతం మందం పెంచితే చాలు, బిగువు 36 శాతం పెరుగుతుంది. నంబర్ 1కీ నంబర్ 2కీ ఉన్న తేడా సుమారుగా అంతే. అంటే అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే మీకు వచ్చేది ఏ నంబరో ఎవరూ చెప్పలేరు. పైగా స్ప్రింగ్ స్టీల్ కాని వైరు చుడితే వారానికే వంగి వంగినట్టే ఉండిపోతుంది. పాత స్ప్రింగ్‌నే వేడిచేసి సాగదీస్తే టెంపర్ (ఉక్కుకి పట్టించిన బిగువు) పోతుంది. వైరు మీద గీత పడినా కొన్నాళ్లకు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. స్ప్రింగ్‌కి చేయాల్సిన సేవల్లా చుట్ల మధ్య ఒక చుక్క నూనె వేసి, ఎక్కువైంది తుడిచేయడం.

ఇక మీ లోటు ఎంతో చూద్దాం. మీ గ్రిప్పర్‌ని మీరే తూకం వేసుకోండి. ఒక హ్యాండిల్ వైస్‌లో అడ్డంగా బిగించి, పైనున్న హ్యాండిల్ కొసకి పట్టీ వేసి, రెండూ తగిలేదాకా బరువు వేలాడదీయాలి. విదేశీ గ్రిప్పర్ వాళ్లు దీన్ని రెడ్‌నెక్ కాలిబ్రేషన్ అంటారు. జిమ్ ప్లేట్లు లేకపోతే 20 లీటర్ల వాటర్ క్యాన్లు (నంబర్ 1కి ఒకటి, నంబర్ 2కి రెండు) కట్టి, ఆపైన లీటరు సీసాలు ఒక్కోటీ కలుపుకుంటూ పోండి, లీటరుకి కేజీ. ఖాళీ క్యాన్ బరువూ లెక్కలో వేయండి. పట్టీ ప్రతిసారీ అదే చోట ఉండాలి, సెంటీమీటరు పైకి జరిగినా లెక్క తప్పుతుంది. క్యాన్లు నేలకి ఒక అడుగు ఎత్తులోనే ఉండేలా చూసుకోండి, జారితే కాలి మీద పడకుండా.

ఇలా తూచితే నంబర్ 1 సుమారు 35 కేజీలు, నంబర్ 2 సుమారు 48 వస్తాయి. కంపెనీ చెప్పే పౌండ్లకి ఇది దాదాపు సగం, కొలిచే పద్ధతి వేరు కాబట్టి కంగారు పడకండి. ఒకే నంబరున్న రెండు గ్రిప్పర్ల మధ్య కూడా రెండు మూడు కేజీల తేడా ఉంటుంది.

కొసల మధ్య మొత్తం దూరం సుమారు 70 మి.మీ. మీరు 65 దాకా వస్తున్నారు. బరువు దూరంతో పాటే పెరుగుతుంది కాబట్టి అక్కడ మీరు ఆపుతున్నది 44.5 కేజీలు. లోటు మూడున్నర కేజీలే! బెంచ్‌వైస్ గారు చెప్పినట్టు ఆరు మిల్లీమీటర్లు తీసిన నంబర్ 1 పూర్తిగా మూస్తే 35 కాస్తా 38 అవుతుంది. బరువు మరీ పెరగదు, కోణం అలవాటవుతుంది. బరువు కోసం నంబర్ 2కి క్లిప్ వేయక తప్పదు. రెండూ కావాలి.

ప్లాస్టిక్ దాన్ని వేడెక్కడానికి వాడుకోండి. డయల్ అంకెలు నమ్మొద్దు. స్ప్రింగ్ ఇంకోటి కలిపి బిగువు పెంచితే ముందు విరిగేది ప్లాస్టిక్ పిడే.

పట్టు_పట్టరాదు:
క్లిప్ లెక్క నేను చెప్తా. హ్యాండిల్ మందం 19 మి.మీ., మధ్య సందు 20 మి.మీ. ఉంచాలనుకుంటే క్లిప్ చుట్టుకొలత 138 మి.మీ. కావాలి, అంటే 44 మి.మీ. వ్యాసం. హార్డ్‌వేర్ షాపులో 32–50 సైజు, 12 మి.మీ. పట్టీ ఉన్న స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్ అడగండి. సందు 5 మి.మీ.కి తగ్గించినా అదే సరిపోతుంది.

క్లిప్ స్క్రూ తిప్పి గ్రిప్పర్‌ని మూయాలని చూడొద్దు, మర అరిగిపోతుంది. గ్రిప్పర్‌ని వైస్‌లో పెట్టి 20 మి.మీ. దాకా నొక్కి, అప్పుడు క్లిప్ బిగించి, వైస్ నెమ్మదిగా వదలండి. ఈ పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. క్లిప్ చిటికెన వేలి కింద, కొస దగ్గర ఉండాలి. స్ప్రింగ్ దగ్గరికి పెట్టారంటే పట్టీ మీద పడే లాగు కొన్ని రెట్లు పెరుగుతుంది. మీరు నొక్కగానే క్లిప్ వదులై కిందికి జారిపోతుంది కాబట్టి ఒక హ్యాండిల్‌కి మాత్రం ఇన్సులేషన్ టేపుతో కట్టేయండి. స్క్రూ ఉన్న గడ్డ అరచేతి వైపు రాకూడదు.

సాధన అయ్యాక క్లిప్ తీసేయండి. నెలల తరబడి బిగించి వదిలేస్తే స్ప్రింగ్ కొంత నీరసపడుతుంది.

పిడికిలి_గోదారి:
అందరికీ చాలా థాంక్స్. లేత్ ఆయనకి వద్దని చెప్పేస్తా. రెండూ తయారుచేసుకున్నాక వారంలో ఎంత చేయాలి? మోచేయి లోపలివైపు కొంచెం లాగుతోంది కూడా.

బెంచ్‌వైస్:
లాగుడు తగ్గేదాకా నంబర్ 2 ముట్టుకోకండి, ముందు అది. మణికట్టునీ వేళ్లనీ ముడిచే కండరాల్లో చాలావాటి స్నాయువు మోచేయి లోపలివైపు ఎముక గడ్డ దగ్గరే అతుక్కుని ఉంటుంది. కండరం కంటే అది నెమ్మదిగా కోలుకుంటుంది.

తగ్గాక వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం మూడు రోజుల విరామం. వేడెక్కాక అరగదీసిన నంబర్ 1 మూడు సెట్లు, సెట్టుకి ఐదు, ప్రతిదీ చివర్లో రెండు సెకన్లు పట్టి ఉంచాలి. ఆ తర్వాత క్లిప్ వేసిన నంబర్ 2 ఒక్కొక్కటిగా ఐదారుసార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగి. 20 మి.మీ. సందు నుంచి మూయగలిగితే వారానికో రెండు వారాలకో క్లిప్ కొంచెం వదులు చేస్తూ పోండి. ఏటీఎం కార్డు పొట్టి అంచు 54 మి.మీ. ఉంటుంది, పెద్ద నంబర్ల సర్టిఫికేషన్‌లో మొదలుపెట్టే సందు అదే. అక్కడి నుంచి మూసిన రోజు నంబర్ 2 మీదే.

పట్టి ఉంచే బలానికి ఇంకోటి చేయొచ్చు: అంగుళం వెడల్పు గుడ్డపట్టీకి కేజీ ప్లేటు కట్టి, పట్టీ రెండో కొసని నంబర్ 1 హ్యాండిళ్ల మధ్య నొక్కి పట్టుకోవడం. పట్టు మిల్లీమీటరు సడలినా ప్లేటు జారి పడుతుంది. దీనికి అరగదీయని గ్రిప్పర్ ఉంటే మంచిది. లేకపోతే పట్టీని రెండు మూడు మడతలు పెట్టండి, తీసేసిన సందు పూడుతుంది.

పట్టు_పట్టరాదు:
ఒకటి కలుపుతా. గ్రిప్పర్ అరచేతిలో ఎక్కడ కూర్చుందో చూసుకోండి. బొటనవేలి కింది కండ మీద హ్యాండిల్ ఆనాలి, చిటికెన వేలు హ్యాండిల్ కొసకి వీలైనంత దగ్గరగా ఉండాలి. వేళ్లు అర అంగుళం స్ప్రింగ్ వైపు జరిగితే అదే గ్రిప్పర్ చాలా బరువెక్కుతుంది. 5 మి.మీ. సందులో కొంత ఇక్కడే పోవచ్చు, ఆకురాయి పట్టే ముందు ఇది సరిచూసుకోండి. చేతికి మెగ్నీషియం చాక్ రాయండి, చెమటకి హ్యాండిల్ తిరగకుండా. సాధన అవ్వగానే ఐదు వేళ్లకీ రబ్బరు బ్యాండు వేసి బయటికి విప్పడం ఇరవైసార్లు రెండు సెట్లు చేయండి, మోచేతికి అది చాలా మేలు చేస్తుంది.